ఛాతీలో పెద్ద రక్తనాళం చీలితే: మన శ్రీకాకుళం, విజయనగరం కుటుంబాలు అడిగే ప్రశ్నలు

నాది టెక్కలి దగ్గర పల్లె. విశాఖపట్నంలో గుండె ఆపరేషన్ థియేటర్లో హార్ట్ లంగ్ మెషిన్ నడుపుతాను. ఈ పని చేసేవాళ్లని పెర్‌ఫ్యూజనిస్టులు అంటారు. కోసి కుట్టేది సర్జన్లు. గుండెను ఆపినంతసేపూ ఒంట్లో రక్తం తిప్పేది మేము. అయోర్టా చీలి వచ్చే కేసుల్లో మన వైపు వాళ్లు చాలామందే ఉంటారు. థియేటర్ బయట బెంచీ మీద కూర్చున్నవాళ్లు నా మాట యాస పట్టుకుని, "ఏ ఊరు బాబూ మీది? మావోడికి ఏటైంది? బతుకుతాడా?" అని అడుగుతారు. ఆ కంగారులో నేను రెండు ముక్కలే చెప్పగలిగేవాడిని. మిగిలినవి ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను. మీ మనిషికి ఏ వైద్యం చేయాలో తేల్చేది మాత్రం చూస్తున్న డాక్టర్లే.

డాక్టరు గారు 'అయోర్టిక్ డిసెక్షన్' అన్నారు. అదేమిటి?

గుండె నుంచి బయల్దేరే అతి పెద్ద రక్తనాళం అయోర్టా. తెలుగు పుస్తకాల్లో బృహద్ధమని అని రాస్తారు. గుండె మీంచి పైకి లేచి, గొడుగు పిడిలా వంపు తిరిగి, వెన్నెముక పక్కనుంచి పొట్టలోకి దిగుతుంది. తలకి, చేతులకి, వెన్నుపాముకి, కిడ్నీలకి, పేగులకి, కాళ్లకి రక్తం వెళ్లేది దీని కొమ్మల్లోంచే.

దీని గోడకి మూడు పొరలు. చొక్కా జేబు లోపలి గుడ్డ చిరిగితే చిల్లర కింద పడదు, రెండు గుడ్డల మధ్యకి జారిపోతుంది చూడండి. ఇక్కడా అంతే. లోపలి పొర చిరిగి, రక్తం గోడ మధ్యలోకి దూరుతుంది. వెనక నుంచి గుండె కొట్టే ప్రతి దెబ్బకీ పొరల్ని ఇంకాస్త విడదీస్తూ ముందుకు పోతుంది. అసలు దారి పక్కనే ఒక దొంగదారి ఏర్పడుతుంది. అది ఉబ్బి అసలు దారిని నొక్కేస్తే ఆ కొమ్మ మీద ఆధారపడ్డ అవయవానికి రక్తం అందదు. గుండె వైపు చీలితే కవాటం లీకవుతుంది. పైపొర కూడా తెగితే రక్తం గుండె చుట్టూ ఉన్న సంచిలో నిండి గుండెను కొట్టుకోనివ్వదు. ఎక్కువమంది ప్రాణం పోయేది ఇలాగే.

గ్యాస్ నొప్పికీ, గుండెపోటుకీ, దీనికీ తేడా ఇంట్లోవాళ్లకి ఎలా తెలుస్తుంది?

ఈ ప్రశ్న దగ్గర మా ఇంటి సంగతి చెప్పాలి. నేను ఈ కోర్సులో చేరకముందు మా పెదనాన్న ధాన్యం బస్తా ట్రాక్టర్లోకి ఎత్తుతూ ఒక్కసారిగా కూలబడ్డారు. "వీపులో గొడ్డలి దింపినట్టయిందిరా" అన్నారు. చెమటలు పట్టేశాయి. దగ్గర్లో ఒక ఆసుపత్రికి తీసుకెళ్తే ఈసీజీ తీశారు, బాగానే ఉందన్నారు. గ్యాస్‌కి ఇంజెక్షన్ ఇచ్చి పంపేశారు. రాత్రికి నొప్పి పొట్టలోకి దిగింది. తెల్లారుజామున ఎడమ కాలు చల్లబడింది. కారులో విశాఖ బయల్దేరాం. ఎచ్చెర్ల దాటకముందే పోయారు.

ఆ ఆసుపత్రి మీద నాకు కోపం ఉంది, ఇప్పటికీ ఉంది. కానీ మేమూ ఒక పొరపాటు చేశాం. అక్కడ "పొద్దున్నుంచి ఛాతీ నొప్పండీ" అని మాత్రమే చెప్పాం. బస్తా ఎత్తిన క్షణంలో మొదలైందని గానీ, గొడ్డలి దింపినట్టుందన్న మాట గానీ డాక్టరుకు చెప్పలేదు. అసలు ఆనవాలు అదే.

గుండెపోటు నొప్పి చాలామందిలో బరువుగా, బిగబట్టినట్టు మొదలై కొద్దికొద్దిగా పెరుగుతుంది. అయోర్టా చీలిన నొప్పి మొదటి క్షణంలోనే పూర్తి బలంతో వస్తుంది. గుడ్డ చింపినట్టు, కత్తి దింపినట్టు అంటారు. ఛాతీలో మొదలై రెండు భుజాల మధ్యకి, అక్కణ్నుంచి నడుముకి, పొట్టకి దిగుతుంది. ఒక చేతిలో నాడి బలంగా, రెండో చేతిలో నీరసంగా ఉండొచ్చు. రెండు చేతుల బీపీకీ 20కి మించి తేడా కనిపిస్తే గట్టిగా అనుమానించాలి. కొందరు స్పృహ తప్పుతారు, మాట ముద్దగా వస్తుంది, కాలు కదలదు. పక్షవాతమనో, పొట్ట జబ్బనో వేరే వార్డుకి పంపేసిన కేసులూ చూశాను. ఈసీజీ మామూలుగా ఉన్నంత మాత్రాన ఇది కాదని చెప్పడానికి లేదు. నొప్పి తక్కువగా ఉండేవాళ్లూ కొందరుంటారు, వాళ్లని పట్టుకోవడం డాక్టర్లకే కష్టం.

నొప్పి వచ్చిన వెంటనే ఏం చేయాలి? మాది ఇచ్ఛాపురం, చాలా దూరం.

108కి ఫోన్ చేయండి. సోడా, గ్యాస్ మాత్ర, నడుముకి మసాజు వద్దు. మనిషిని నడిపించకండి, బండి మీద మధ్యలో కూర్చోబెట్టి తీసుకెళ్లకండి.

ఇచ్ఛాపురం నుంచి విశాఖ 200 కిలోమీటర్లకు పైనే. విజయనగరం నుంచైతే 60 దాకా. ఇచ్ఛాపురం వాళ్లు నేరుగా విశాఖ రోడ్డెక్కేయడం కంటే, దారిలో బీపీ దించి, సిటీ స్కాన్ తీయగలిగే ఆసుపత్రిలో ఆగడమే నయమని నా అభిప్రాయం. బీపీ 180 ఉన్న మనిషిని అలాగే హైవే మీద మూడు నాలుగు గంటలు తీసుకెళ్తే దొంగదారి దారంతా పొడుగవుతూనే ఉంటుంది. నొప్పి తగ్గడానికి మార్ఫిన్ లాంటిది, గుండె వేగం తగ్గడానికి బీటా బ్లాకర్ ఇంజెక్షన్ పడితే ఆ ప్రయాణమే మారిపోతుంది. పై బీపీ 100కీ 120కీ మధ్య, నాడి నిమిషానికి 60 లోపు ఉంచాలని చూస్తారు. ముందు గుండె వేగం దించాలి, ఆ తర్వాతే మిగతా బీపీ మందులు.

నిర్ధారణ చేసేది డై వేసి తీసే సిటీ యాంజియో. మెడ నుంచి తొడ దాకా తీయమని అడగండి. ఛాతీ వరకే తీస్తే విశాఖలో మళ్లీ తీయాల్సి వస్తుంది. స్కాన్ సీడీ తప్పకుండా చేతికి తీసుకోండి. వీలైతే ఆ చిత్రాలు ఫోన్‌లో ముందే పంపించండి. మనిషి దారిలో ఉండగానే మేం థియేటర్ సిద్ధం చేసుకుంటాం, రక్తం తెప్పించుకుంటాం.

గుండెపోటు అనుకుని గడ్డ కరిగించే ఇంజెక్షన్ వేస్తే?

గుండెపోటుకి ఆ ఇంజెక్షన్ ప్రాణం నిలబెడుతుంది. అయోర్టా చీలిన మనిషికి అదే ప్రాణం తీయొచ్చు, ఎందుకంటే చీలిక దగ్గర రక్తం కాస్త గడ్డకట్టి ఆపుతుంటే దాన్ని కూడా కరిగించేస్తుంది. ఇంకో చిక్కుంది. చీలిక గుండె సొంత రక్తనాళం మొదట్లోకి పాకితే ఈసీజీలో గుండెపోటే కనిపిస్తుంది. అలాంటప్పుడు డాక్టరు పొరబడటం వింత కాదు.

అందుకని ఇంజెక్షన్ వద్దని గొడవ చేయకండి. నిజంగా గుండెపోటైతే ఆలస్యమయ్యే ప్రతి నిమిషం నష్టమే. ఒక్క మాట చెప్పండి: "సార్, నొప్పి ఒక్కసారిగా వచ్చింది, వీపులోకి పాకింది, చీలినట్టుందంటున్నారు. అయోర్టా కాదు కదా, రెండు చేతుల బీపీ చూస్తారా?" ఎకో మెషిన్ ఉంటే ఐదు నిమిషాల్లో గుండె సంచిలో రక్తం ఉందో లేదో, కవాటం లీకవుతోందో లేదో తెలుస్తుంది.

టైప్ ఏ, టైప్ బి అంటున్నారు. ఏది ప్రమాదం?

గుండె దగ్గర పైకి లేచే భాగంలో చీలిక ఉంటే టైప్ ఏ. అక్కడ లేకుండా, ఎడమ చేతికి వెళ్లే కొమ్మ దాటాక కిందికి దిగే భాగంలో ఉంటే టైప్ బి.

టైప్ ఏ అంటే వెంటనే ఆపరేషన్. మొదటి 48 గంటల్లో, వైద్యం లేకపోతే, గంటగంటకీ వందలో ఒకరిద్దరు చనిపోతారని లెక్క. రేపు మంచిరోజు చూసుకుని చేయించుకుంటాం అని అడిగిన కుటుంబం ఉంది. వాళ్లని తప్పుపట్టను, ఆ కుటుంబానికి ఈ లెక్క ఎవరూ చెప్పలేదు.

టైప్ బికి చాలావరకు మందులే. ఐసీయూలో బీపీ అదుపులో పెట్టి చూస్తారు. నొప్పి తగ్గకపోయినా, పేగులకో కిడ్నీకో కాలికో రక్తం ఆగినా, నాళం ఉబ్బుతున్నా అప్పుడు గజ్జల్లోంచి స్టెంట్ గ్రాఫ్ట్ (తీగల చట్రం ఉన్న గుడ్డ గొట్టం) ఎక్కించి లోపలి చిరుగును మూస్తారు. ఛాతీ కోయరు. ఈ పద్ధతిలో వెన్నుపాముకి రక్తం తగ్గే ప్రమాదం కొంత ఉంది. కొందరికి నడుములోంచి సన్నటి గొట్టం పెట్టి వెన్ను నీరు కాస్త కాస్త తీసేది అందుకే.

ఆపరేషన్లో ఏం చేస్తారు?

రొమ్ము ఎముక మధ్యలో తెరుస్తారు. మామూలు అయోర్టా లేత గోధుమరంగులో, మెరుస్తూ ఉంటుంది. చీలినది ఎలా ఉంటుందంటే, బాగా పండిన నేరేడు పండులా నల్లటి ఊదా రంగులో ఉబ్బి, పైపొర ఒక్కటే మిగిలి, లోపల రక్తం సుడులు తిరగడం బయటికి కనిపిస్తుంది. ఎన్నిసార్లు చూసినా నాకు గుండె దడదడలాడుతుంది.

కుడి చంక కింది రక్తనాళానికో, గజ్జల్లోనో నా మెషిన్ గొట్టం కలుపుతారు. అక్కణ్నుంచి పని నాది. రక్తాన్ని బయటికి తెచ్చి, ఆక్సిజన్ కలిపి, చల్లబరిచి వెనక్కి పంపుతాను. మానిటర్లో 36, 32, 28 అని అంకెలు దిగుతుంటాయి. ఎంతవరకు దించాలన్నది కేసును బట్టి. ఒకప్పుడు 18 డిగ్రీల దాకా వెళ్లేవాళ్లు, ఇప్పుడు చాలాచోట్ల 24, 28 మధ్య ఆపుతున్నారు. ఒళ్లు చల్లబడితే అవయవాలకి ఆక్సిజన్ అవసరం తగ్గుతుంది.

తర్వాత సర్జన్ "పంప్ ఆఫ్" అంటారు. పెద్దపెద్ద శబ్దాలు చేసే థియేటర్ ఆ క్షణంలో చెవులు మూసుకున్నట్టైపోతుంది. గుండె ఆగి ఉంటుంది, ఒంట్లో రక్తం తిరగదు, మానిటర్ గీత సూటిగా ఉంటుంది. అయితే మెదడుకి మాత్రం ఆపం. చంక కింది గొట్టంలోంచి మెడ నాళాల ద్వారా కిలోకి నిమిషానికి సుమారు 10 మిల్లీలీటర్లు పంపుతుంటాను. 60 కిలోల మనిషికి మామూలుగా నిమిషానికి నాలుగు లీటర్లు తిప్పేవాణ్ని, అప్పుడు 600 మిల్లీలీటర్లే. నుదుటి మీద అంటించిన సెన్సార్లు మెదడు రెండు వైపులా ఆక్సిజన్ ఎంతుందో చూపిస్తుంటాయి. ఐదేసి నిమిషాలకి టైము పైకి చదువుతాను. "పది. పదిహేను. ఇరవై." ఎవరూ బదులు పలకరు. కత్తెర, దారం చప్పుడే.

ఆ సేపట్లో చీలిన ముక్క కోసేసి, డాక్రాన్ అనే పాలియెస్టర్ గుడ్డ గొట్టం కుడతారు. తెల్లగా, లంగా కుచ్చిళ్లలా సన్నటి మడతలతో ఉంటుంది, వంచినా నలగదు. చీలిన నాళం తడి కాగితంలా ఉంటుంది కాబట్టి కుట్టు తెంపుకుపోకుండా లోపలా బయటా ఫెల్ట్ పట్టీలు వేసి మధ్యలో కుడతారు. అప్పుడు మళ్లీ రక్తం వదిలి, నెమ్మదిగా వేడి చేస్తూ మిగతా పని చేస్తారు. తొందరపడి వేడి చేస్తే మెదడుకు నష్టం, కాబట్టి అక్కడ గంటా గంటన్నర పడుతుంది. మొత్తం ఆరు నుంచి పది గంటలు. బయట కూర్చున్నవాళ్లు ఆలస్యమవుతోందంటే ఏదో అయిపోయిందని అనుకోనక్కర్లేదు.

'బెంటాల్', 'ఏనుగు తొండం' అని విన్నాం. అవేమిటి?

అయోర్టా మొదలూ, కవాటమూ రెండూ పాడైతే కవాటం బిగించిన గొట్టం పెట్టి, గుండె సొంత నాళాలు రెంటినీ దానికి మళ్లీ అతికిస్తారు. అది బెంటాల్ ఆపరేషన్, 1968లో హ్యూ బెంటాల్ చేసిన పద్ధతి. సొంత కవాటాన్ని కాపాడుతూ చేసే డేవిడ్ ఆపరేషన్ కూడా ఉంది. ఇంకా పిల్లలు కావాలనుకునే ఆడవాళ్ల విషయంలో దీని గురించి తప్పక అడగండి, ఎందుకంటే లోహపు కవాటం పెడితే రక్తం గడ్డకట్టకుండా చూసే వార్ఫరిన్ మాత్ర జీవితాంతం వేసుకోవాలి, కడుపులో బిడ్డకి ఆ మందు మంచిది కాదు.

వంపు మొత్తం మార్చాల్సి వస్తే గొట్టం చివర కిందికి దిగే అయోర్టాలో వేలాడేలా వదులుతారు. దాన్ని 1983లో జర్మనీలో బోర్స్ట్ మొదలుపెట్టారు, ఎలిఫెంట్ ట్రంక్ అని పేరు. ఇప్పుడు ఆ తొండానికి స్టెంట్ కూడా కలిపి పెడుతున్నారు.

మావాడి కేసు 'చాలా అరుదైనది' అన్నారు. ఎందుకు?

చాలా కారణాలుండొచ్చు. మార్ఫాన్ లాంటి పుట్టుకతో వచ్చే జబ్బుల్లో నాళం గోడే బలహీనంగా ఉంటుంది. ఇదివరకు బైపాసో, కవాటం ఆపరేషనో అయిన ఛాతీ అయితే అంతా అతుక్కుపోయి, రొమ్ము ఎముక కోస్తున్నప్పుడే నాళం తెగే ప్రమాదం ఉంటుంది. అలాంటప్పుడు ఛాతీ తెరవకముందే గజ్జల్లోంచి నా మెషిన్ మొదలుపెడతాం. చీలిక పేగుల నాళాన్ని మూసేసి ఉంటే ముందు పేగునా, ముందు ఛాతీనా అని కార్డియాలజిస్టులూ సర్జన్లూ కలిసి తేల్చుకోవాలి.

నేను ఎప్పటికీ మరచిపోలేనిది ఒకటుంది. కొద్దిమందికి కుడి చేతి రక్తనాళం పుట్టుకతోనే తప్పు చోట, అన్ని కొమ్మల తర్వాత పుట్టి, అన్నవాహిక వెనక నుంచి కుడి చేతికి వెళ్తుంది. అలాంటి మనిషికి అలవాటు ప్రకారం కుడి చంక కింద గొట్టం పెట్టి ఆ రక్తం మెదడుకి పోతుందనుకుంటే పోదు. సిటీలో ముందే చూసుకున్నాం కాబట్టి మెడ నాళాల్లోకి నేరుగా గొట్టాలు పెట్టుకున్నాం. స్కాన్ పూర్తిగా తీయమని నేను ఇంతగా అడగడానికి ఇది కూడా ఒక కారణం.

మాది ఉద్దానం, నాన్నగారికి కిడ్నీ జబ్బు. డై ఎక్కించొచ్చా?

కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వాళ్లు ఇది అడుగుతారు, వాళ్ల భయం న్యాయమైనదే. క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్త పరీక్ష) ఎంతో, డయాలసిస్ మీద ఉన్నారో లేదో ముందే చెప్పండి, పాత రిపోర్టులు తెచ్చుకోండి. డైతో కిడ్నీకి కొంత ఇబ్బంది ఉండొచ్చు. కానీ అయోర్టా చీలిందన్న అనుమానం గట్టిగా ఉంటే కిడ్నీ కోసం స్కాన్ ఆపకూడదు. అసలు చీలిక వల్లే కిడ్నీకి రక్తం ఆగి ఉండొచ్చు కూడా. ఆపరేషన్ తర్వాత కొన్నాళ్లు డయాలసిస్ అవసరం పడే అవకాశం మామూలు వాళ్లకంటే ఎక్కువ, దానికి సిద్ధపడండి.

అమ్మకి డెబ్భై ఐదేళ్లు. ఆపరేషన్ తట్టుకుంటుందా?

వయసు ఒక్కటే చూసి కాదనరు. ఈ ఆపరేషన్లకి దారి వేసినవారిలో ఒకరైన మైఖేల్ డిబేకీకే, 97 ఏళ్ల వయసులో, 2005 డిసెంబరు 31న అయోర్టా చీలింది. మొదట ఆయనే ఆపరేషన్ వద్దన్నారు. 2006 ఫిబ్రవరిలో హ్యూస్టన్‌లో ఆపరేషన్ చేశారు. నెలల తరబడి ఆసుపత్రిలో ఉన్నా కోలుకుని 2008 జులై దాకా బతికారు. మొదటి డాక్రాన్ గొట్టాల్ని ఆయన తన భార్య కుట్టు మిషన్ మీద కుట్టి చూశారు.

అమ్మ ఇప్పటిదాకా తన పని తాను చేసుకుంటూ ఉన్నారా, మంచం మీద ఉన్నారా, పక్షవాతం వచ్చి ఉంటే అది ఎంత తీవ్రం, ఇవి సర్జన్‌కి వయసుకంటే ముఖ్యం.

నిజం చెప్పండి. బతికే అవకాశం ఎంత?

బాగా అనుభవం ఉన్న టీము దగ్గర కూడా టైప్ ఏ ఆపరేషన్లో వందమందిలో పది నుంచి ఇరవై మందిని పోగొట్టుకుంటాం. బీపీ బాగా పడిపోయి షాక్‌లో వచ్చినా, మెదడుకో పేగులకో అప్పటికే రక్తం ఆగినా ఇంకా ఎక్కువ. అంటే మిగతావాళ్లు ఇంటికి వెళ్తున్నారు. సంతకం పెట్టేటప్పుడు ఈ రెండు వైపులా గుర్తుంచుకోండి.

ఖర్చు, రక్తం?

కార్డు ఉంటే ఆసుపత్రిలో ఎన్టీఆర్ వైద్య సేవ ఆరోగ్యమిత్రను వెంటనే కలవండి. అత్యవసర కేసులకి ఫోన్ మీద అనుమతి తీసుకునే పద్ధతి ఉంది, కాగితాలు తర్వాత. ఏ ఆపరేషన్ వస్తుంది, స్టెంట్ గ్రాఫ్ట్ ఖరీదు వస్తుందా అని విడిగా అడగండి, ఎందుకంటే అది ఒక్కటే లక్షల్లో ఉంటుంది. పొలం తాకట్టు పెట్టే ముందు ఈ ప్రశ్న అడిగి తీరాలి.

రక్తం చాలా పడుతుంది. చల్లదనం వల్ల రక్తం గడ్డకట్టే గుణం తగ్గుతుంది, ప్లాస్మా, ప్లేట్‌లెట్లు కూడా కావాలి. ఊరి నుంచి కుర్రాళ్లు నలుగురైదుగురు వస్తే చాలా మేలు. ఒక్క కేకేస్తే ఆటో స్టాండు కుర్రాళ్లే రక్తం ఇవ్వడానికి వచ్చేసిన సందర్భాలున్నాయి.

ఐసీయూలో ఆయన మమ్మల్ని గుర్తుపట్టట్లేదు, ఏదేదో మాట్లాడుతున్నారు.

ఈ ఆపరేషన్ తర్వాత కొన్ని రోజులు అలా ఉండటం చాలామందిలో చూస్తాం. చాలావరకు తగ్గిపోతుంది. కళ్లజోడు, వినికిడి మెషిన్ ఉంటే తెచ్చి ఇవ్వండి. ఇంట్లోవాళ్ల పేర్లు, ఊరి సంగతులు చెబుతూ మాట్లాడండి. చెయ్యీ కాలూ ఒక వైపు కదపకపోతే మాత్రం సిస్టర్‌కి వెంటనే చెప్పండి.

ఇంటికెళ్లాక ఏం జాగ్రత్తలు?

గుండె దగ్గర గొట్టం వేశారు గానీ కింది అయోర్టాలో దొంగదారి చాలామందికి మిగిలే ఉంటుంది. అందుకే బీపీ మాత్రలు జీవితాంతం. "బాగానే ఉంది కదా" అని మానేసి మళ్లీ వచ్చినవాళ్లని చూశాను. ఇంట్లో బీపీ మెషిన్ కొనుక్కుని నోటుబుక్కులో రాయండి. డాక్టరు చెప్పిన నెలల్లో, ఆ తర్వాత ఏటా స్కాన్ తప్పదు.

ధాన్యం బస్తాలు, కొబ్బరి గెలలు, నీళ్ల బిందెలు ఎత్తడం ఇక వద్దు. నడక మంచిది. వార్ఫరిన్ వేసుకునేవాళ్లు గోంగూర, తోటకూర, మునగాకు మానక్కర్లేదు. ఒక వారం ఎక్కువ, ఒక వారం అసలే లేకుండా తినకండి, రక్త పరీక్ష దెబ్బతింటుంది. ఇంకో ముఖ్య సంగతి: విరేచనాలకో మూత్రంలో మంటకో మందుల షాపులో అడిగి సిప్రోఫ్లోక్సాసిన్, లెవోఫ్లోక్సాసిన్ మాత్రలు వేసుకోకండి. అయోర్టా బలహీనంగా ఉన్నవాళ్లకి ఆ రకం మందులు ప్రమాదమని 2018లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది.

చుట్ట మానాలా?

మానాలి. బీడీ, సిగరెట్, మన వైపు అమ్మలు నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ, అన్నీ. అమ్మమ్మ వయసు వాళ్లకి చెప్పడం ఇంట్లోవాళ్లకి కష్టమే, తెలుసు. "ఇన్నేళ్లు కాల్చాను, ఏటైంది?" అంటారు. ఆ మాటకి ఆమె స్కాన్ చిత్రమే చూపించండి.

మాది మేనరికం. పిల్లలకీ వస్తుందా?

మార్ఫాన్ మేనరికం వల్ల వచ్చేది కాదు. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉన్నా చాలు, ప్రతి బిడ్డకీ సగం అవకాశం ఉంటుంది. కుటుంబంలో ఎవరికీ లేకుండా కొత్తగా రావడమూ ఉంది. బాగా పొడవు, పొడవైన సన్నటి వేళ్లు, రొమ్ము ఎముక లోపలికి పోవడమో ముందుకు రావడమో, కంటి లెన్స్ జరగడం లాంటివి కనిపిస్తే తప్పక చూపించండి. ఏమీ కనిపించకపోయినా, చీలిక వచ్చిన మనిషి తోబుట్టువులకీ పిల్లలకీ తల్లిదండ్రులకీ ఒకసారి ఎకో చేయించాలి. ఆడపిల్ల ఉంటే ఆమె కడుపుతో ఉండకముందే. గర్భం చివరి నెలల్లో, కాన్పయిన కొన్ని వారాల్లో ఆ నాళం మీద భారం బాగా పెరుగుతుంది.

మా పెదనాన్న కొడుకులిద్దరికీ నేనే దగ్గరుండి ఎకో చేయించాను. చిన్నోడికి అయోర్టా మొదలు వెడల్పు 44 మిల్లీమీటర్లు, ఉండాల్సిన దానికంటే ఎక్కువ ఉంది. ఇప్పుడు బీటా బ్లాకర్ వేసుకుంటున్నాడు, ఏటా విశాఖ వస్తాడు. నిరుడు తీసిన సీడీ పోగొట్టి వచ్చాడు, దానితో పోల్చి చూసుకోవడానికి వీల్లేకుండా పోయింది. మీరు మాత్రం సీడీలన్నీ రేషన్ కార్డుతో పాటే బీరువాలో పెట్టుకోండి, పైన తేదీ రాసి.